స్కానర్‌కి పర్మిషన్

“యాక్సెస్ డినైడ్.”

పొద్దుట్నుంచీ తెర మీద అదే పాట. సాజిదాకి తల ప్రాణం తోకకొచ్చింది.

కంకిపాడులోని ఆ ఆడపిల్లల జూనియర్ కాలేజీలో, కంప్యూటర్ గది చూసుకునే పనికి ఆమె చేరి వారమైంది. సిస్టమ్‌లన్నీ లైనక్స్‌వి. స్కానర్ బంగారంలా ఉంది. యూఎస్‌బీ వైరు పెట్టగానే లైటు కూడా వెలుగుతోంది. కానీ సిస్టమంతటి మీదా పెత్తనముండే రూట్ లాగిన్‌కి తప్ప ఇంకెవరికీ లొంగదు. ఆ రూట్ పాస్‌వర్డేమో, ఇదివరకు ఈ పని చేసి మానేసిన పాత సారుతోనే పోయింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే!

ప్రిన్సిపాల్ పద్మావతమ్మగారు గుమ్మంలోంచే అరిచారు.

“స్కాలర్‌షిప్‌లకి ఇవాళే ఆఖరు. కొత్తగా చేరిన పిల్లల సర్టిఫికెట్లన్నీ అయిదింటికల్లా స్కాన్ చేసి పంపాలి.”

“బయట నెట్ సెంటర్లో చేయించనా మేడమ్?”

“ఒరిజినల్స్ బయటికెళ్ళడానికి వీల్లేదు.”

“పోనీ, పాత సారుకి ఫోన్ చేస్తే?”

“ఆయన పేరెత్తకు!”

అనేసి ఆవిడ మీటింగుకి వెళ్ళిపోయారు. వరండాలో ఫిర్దౌస్ అనే పిల్ల చున్నీతో కళ్ళొత్తుకుంటోంది. స్కాలర్‌షిప్ రాకపోతే దాని చదువు ఇంతటితో సరి.

విజయవాడ బెంజ్ సర్కిల్‌లోని కంప్యూటర్ షాపుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా “మనిషి బయల్దేరాడు మేడమ్” అన్న జవాబే.

మధ్యాహ్నం దాటాక చూస్తే, ఆఫీసు ముందు బల్లమీద ఒకాయన కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు.

“ఇప్పుడా రావడం? ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాయి. రండి రండి!”

ఆయన ఏదో చెప్పబోయాడు. సాజిదా వింటేగా!

“నా లాగిన్‌లో స్కానర్ తెరుచుకోదు. రూట్ కావాలిట. పాత సారని ఒక మహానుభావుడు ఉండేవాడులెండి. ఏరు దాటి తెప్ప తగలేసే రకం. కొత్తగా వచ్చేవాళ్ళు చస్తే చావనీ అని పాస్‌వర్డ్ మొలకి కట్టుకుపోయాడు. ఈ పిల్లల ఉసురు ఊరికే పోతుందా?”

ఆయన తల దించుకున్నాడు. తర్వాత వరండాలోని పిల్లలకేసి చూశాడు.

“లేవండమ్మా, నేను కూర్చుంటాను.”

సిస్టమ్ ఆపి మళ్ళీ వేశాడు. అది పూర్తిగా లేవకముందే నల్లతెర మీద ఏవో కొట్టాడు.

“పాస్‌వర్డ్ లేకుండా లోపలికెలా వెళ్ళారండీ?”

“సిస్టమ్ ముందు కూర్చున్నవాళ్ళకి దొడ్డిదారి ఒకటుంటుందమ్మా. కొత్త పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి. నేను చూడను.”

లేచి కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె కొట్టాక మళ్ళీ కూర్చుని, స్కానర్ వాడేవాళ్ళ గ్రూపులో ఆమె లాగిన్ చేర్చాడు. స్కానర్ నంబరు వెతికి, ఆ గ్రూపువాళ్ళకి అది తెరుచుకునేలా ఒక రూలు రాయడం మొదలుపెట్టాడు.

సాజిదాకి ఒళ్ళు మండింది.

“ఇదంతా ఎందుకండీ! రూట్‌లోనే స్కాన్ చేసి పడేద్దాం. టైమవుతోంది!”

“ఇవాళ్టికి సరేనమ్మా. రేపు మీరు రాకపోతే? స్కానర్ కోసం అందరికీ రూట్ ఇస్తే సిస్టమంతా వాళ్ళ చేతిలో పెట్టినట్టే. ఇలాగైతే మనుషులు మారినా పిల్లల పని ఆగదు.”

“ఉపన్యాసం తర్వాత. ముందు పని కానివ్వండి!”

“అయిపోయింది. వైరు పీకి మళ్ళీ పెట్టి, మీ లాగిన్‌లోకి రండి.”

స్కానర్ కదిలింది. తెర మీద ఫిర్దౌస్ టెన్త్ సర్టిఫికెట్ తేటగా కనబడింది. సాజిదాకి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. గబగబా రెండోది, మూడోది పెట్టింది.

తలెత్తేసరికి ఆయన లేడు. అయ్యో, మంచినీళ్ళయినా ఇవ్వలేదే అనిపించింది. పోనీలే, షాపు మనిషేగా, మళ్ళీ వస్తాడులే అనుకుంది.

అయిదయ్యేలోపే సర్టిఫికెట్లన్నీ వెళ్ళిపోయాయి. అప్పుడు ఊడిపడ్డాడు భుజాన బ్యాగుతో ఇంకొకతను.

“సారీ మేడమ్, బెంజ్ సర్కిల్ నుంచి వచ్చాను. పోరంకిలో బండి పంచరైంది. ఏ సిస్టమండీ?”

సాజిదా తెల్లబోయింది.

“మరి ఇందాక వచ్చిందెవరు?”

గేటు దగ్గరుండే అటెండర్ మరియదాసు, మధ్యాహ్నం బ్యాంకు పనిమీద వెళ్ళినవాడు, అప్పుడే తిరిగొచ్చాడు. ఆమె ఆయన పోలికలు చెబుతుంటే అతని మొహం వాడిపోయింది.

“బస్టాపులో కనబడ్డారండీ. పలకరిస్తే, వచ్చిన పని అయిపోయింది మరియదాసూ అని నవ్వి బస్సెక్కేశారు.”

“ఎవరయ్యా ఆయన?”

“ఆయన పాత సారేనండీ... పాస్‌వర్డ్ చెప్పిపోతానని వచ్చినప్పుడల్లా, లోపలికి రానివ్వొద్దని పెద్ద మేడమ్ చెప్పారని, నేనే గేటు దగ్గర ఆపి వెనక్కి పంపేసేవాణ్ణి.”