ఉల్లికాడల తనిఖీ

ఆవిడ ఉల్లికాడల కట్ట చేతిలోకి తీసుకున్న తీరు చూడగానే ధనలక్ష్మి గుండెల్లో రాయి పడింది.

మామూలుగా కొనేవాళ్లు ఆకు చూస్తారు, బేరమాడతారు, సంచిలో పడేసుకుని పోతారు. ఈవిడ కట్టను తిరగేసి వేళ్లు చూసింది. తెల్లకాడను బొటనవేలితో నొక్కింది. వాసన చూసింది. ఆకు కొసల దగ్గర ఆగిపోయింది. కళ్లద్దాలు, గంజి పెట్టిన నేతచీర, చేతికి గడియారం. శ్రీకాకుళం కూరగాయల బజారులో పొద్దున్నే ఇలాంటి వేషంలో ఎవరు తిరుగుతారు చెప్పండి!

పక్కన వంకాయలమ్మే గణపతిరావు నిన్ననే చెవిలో వేశాడు. "ఒసే, పాత సరుకుకి నీళ్లు జల్లి అమ్ముతన్నారని ఆఫీసర్లు తిరుగుతన్నారట. దొరికితే జాగా తీసేస్తారట."

గోనెపట్టా అంత జాగా అది. అది పోతే ధనలక్ష్మి ఇంట్లో పొయ్యి వెలగదు. మొగుడు పోయాక పిల్లల్ని దాని మీదే సాకుతోంది.

"ఈ కొసలు కత్తిరించావా?" అడిగింది ఆవిడ.

అయిపోయింది! కత్తిరించింది మరి. నిన్న మిగిలిన కట్టలకి వాడిన కొసలు తీసేసి కొత్తవాటి అడుగున దూర్చింది. అందరూ చేసే పనే. అందరినీ వదిలేసి ఈవిడ తన మీదే పడాలా? అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ చూపు చూసి మింగేసింది.

"అవి నిన్నటివి మేడమ్."

"నిన్నటివని ఎలా తెలుస్తుంది?"

పరీక్ష పెడుతోందన్నమాట.

"ఏరు సూడండి. తెల్లగా, తడిగా ఉంటే తెల్లారి పీకినట్టు. పాతదైతే పీసులాగ ఎండిపోతాది. కాడ నొక్కితే గట్టిగుండాలి. మెత్తగుంటే లోపల జిగురొచ్చేసినట్టే."

"మిగిలినవి ఎలా దాస్తావు?"

"కడగను మేడమ్. ఆకుకి తడి తగిలితే కుళ్లిపోతాది. ఏర్లకి మాత్రం తడిగుడ్డ సుట్టి నిలబెడతాను. ముగ్గిన అరటిపళ్ల పక్కన పెట్టను. మందూ మాకూ ఏటీ నేదు, నా పిల్లల మీద ఒట్టు!"

ఆవిడ తలూపింది. మొహంలో ఏమీ తెలియనివ్వడం లేదు, గడుసుది.

"సరుకు ఎక్కడి నుంచి వస్తుంది?"

ఇక రైతు మీదికి పోతోంది. ధనలక్ష్మికి జాలేసింది గానీ, ముందు తను బయటపడాలి కదా. బొబ్బిలి బస్సుకి బుట్ట వేసే లక్ష్ముడి పేరు చెప్పేసింది. సెల్లు తీసి నంబరు కూడా చూపించేసింది. రోజూ ఎక్కువగా ఎవరు కొంటారంటే, సాయంత్రం ఫ్రైడ్‌రైసు బండి పెట్టే నాగబాబు పేరూ చెప్పేసింది.

"చాలా మేలు చేశావమ్మా," అని ఆవిడ వెళ్లిపోయింది. ఒక్క కట్టా కొనలేదు.

గణపతిరావు మెడ చాపాడు. "ఏటే, ఏటైనా రాసుకున్నాదా?"

"రాసుకోనేదు బావ. అదే నాకు బయ్యంగున్నాది."

మర్నాడు బొబ్బిలి బస్సులో బుట్ట రాలేదు. లక్ష్ముడు ఫోనెత్తలేదు. పాపం, వాణ్ణి పట్టేసుకున్నట్టున్నారు! పొద్దెక్కినా నాగబాబు జాడ లేదు. వాడి బండి మీద కూడా పడ్డారు కాబోలు. తన నోరు పడిపోను, అందరి పేర్లూ ఎందుకు చెప్పింది! ధనలక్ష్మికి ఏడుపొచ్చినంత పనైంది. ఇక మిగిలింది తన వంతే. జాగా తీసేయకముందే ఆవిడ కాళ్లా వేళ్లా పడదామని వెతుక్కుంటూ బయల్దేరింది.

బజారు గేటు దగ్గర కొత్త గోనెపట్టా పరిచి, లక్ష్ముడి బుట్ట ముందు పెట్టుకుని, నాగబాబు సంచిలోకి కట్టలు దించుతూ, "ఉల్లికాడలూ... తెల్లారి పీకినవీ!" అని కేకలేస్తోంది ఆ ఆఫీసరమ్మ.