వదలని పట్టు

“పట్టుకున్న క్లోరైడును మళ్లీ వదిలేస్తుందా? అయితే అది జల్లెడమ్మా, అణువు కాదు,” అన్నాడు ప్రొఫెసరు, కంప్యూటర్ తెర వైపు చూడకుండానే.

శిష్యురాలు చంకలో థీసిస్ పెట్టుకుని నిలబడే ఉంది. క్లోరైడును పట్టుకునే అణువులు కట్టడం ఆ ల్యాబు పని. హైడ్రోజన్ బంధాలే వాటికి వేళ్లు. ఆయన పేరు నిలబెట్టిన అణువుకు ఆరు వేళ్లు. ఈమె కట్టినదానికి రెండే.

“కణం పొరకి ఇవతల పట్టుకుని, అవతల వదలాలి కదా సార్. అందుకే తగ్గించాను.”

“తగ్గించావా, చేతకాలేదా?”

ఆమె తెరను ఆయన వైపు తిప్పింది. పొర దాటిన క్లోరైడు లెక్క చూపే గ్రాఫు అది. ఒక గీత నిటారుగా పైకెక్కింది. ఇంకొకటి అడుగున బోర్లా పడుకుంది.

“ఈ చచ్చిపడిందేగా నీది?” అని నవ్వాడాయన.

“పైకెక్కింది నాది సార్. ఆ పడుకున్నది మీది. పట్టుకున్న క్లోరైడును వదలక అలాగే కూర్చుంది. రెండోదాన్ని మోయనే లేదు.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు తప్పు వెతికాడు. దొరకలేదు.

“థీసిస్ మీద సంతకం పెడతారా సార్?”

“తొందరేముంది? ఇంకో ఏడాది ఉండు.” ఈమెకు ముందున్న వాళ్లందరికీ చెప్పిన మాటే, అలవాటుగా వచ్చేసింది.

అన్నాక ఆయన చూపు మళ్లీ ఆ పడుకున్న గీత మీదికే పోయింది.

“పెన్ను ఇటివ్వు,” అన్నాడు ఈసడింపుగా. మొదటిసారిగా ఆ ఈసడింపు ఆమె మీద కాదు, తన మీదే.