ఐదడుగుల గుంట

పాలకొల్లు, 18-2-1999.

చిరంజీవి సూర్యకళకు నాయనమ్మ ఆశీస్సులు. సోమవారం మన కొత్త ఇంటి పునాదికి కాంక్రీటు పోస్తారు. పోశాక గుంటల లోతు పెంచలేం కనుక ఇవాళే రాస్తున్నాను.

మీ నాన్న అచ్చిబాబు పిల్లర్లకు నాలుగడుగుల గుంటలు తవ్వించాడు. ఒక్క అంతస్తుకు అవి చాలు. రెండో అంతస్తు బరువు కూడా పడితే మన బంకనేల ఆగదనీ, ఐదడుగులు ఉండాలనీ ఇంజినీరు లెక్క కట్టి ఇచ్చాడు. నేను టేపు పట్టుకుని గుంటలోకి దిగి కూర్చున్నాను.

“మామ్మగారూ, బురదండీ, పైకి వచ్చేయండి,” అన్నాడు మేస్త్రి.

“ఐదడుగులు చేస్తేనే వస్తాను.”

“ఈ వయసులో ఇదేం పనమ్మా? పైన ఎవరుంటారని? గబ్బిలాలా?” అని మీ నాన్న అరిచాడు.

“స్థలం నాది. గబ్బిలాలతో నేను మాట్లాడుకుంటాను. నువ్వు తవ్వించు.”

మధ్యాహ్నానికి పలుగులు దిగాయి. ఇక జరగవలసినవి:

1. అన్ని గుంటలూ ఐదడుగులకు వచ్చాయో లేదో నేనే కొలిచి చూడాలి.

2. సోమవారం మొదటి తట్ట కాంక్రీటు నువ్వూ, మీ ఆయనా వచ్చి పోయాలి. పై వాటా మీ ఇద్దరిదీ.

3. తన గడప తొక్కవద్దని నీ పెళ్లినాడు మీ నాన్న అన్నాడు. వాడి మాట వాడి దగ్గరే ఉండనీ. పై వాటాకు మెట్లు వీధిలోంచే వేయిస్తున్నాను.