చెయ్యి వణికిన చోట

టక్కుమని చప్పుడైంది. వంచే మిషను చుట్టూ నిలబడ్డవాళ్ళు ముందు బద్దను చూశారు. తర్వాత అందరూ మేస్త్రి ముఖం చూశారు.

కంచు బద్ద రెండు ముక్కలై కింద పడి ఉంది. రోలరు చుట్టూ గుర్రపు నాడాలా తిరగాల్సింది, సగం కూడా వంగకుండానే విరిగింది.

ఉప్పునీటి పంపుల కోసం వచ్చిన కొత్త రకం కంచు అది. బలానికి లోటు లేదు గానీ, వంగమంటే మొండికేస్తుంది. దాన్ని ఎలా అతకాలో ఒక పద్ధతి పరీక్షలో నెగ్గితే తప్ప పంపుల పని మొదలుపెట్టడానికి లేదు. పరీక్ష చూడటానికి చిన్నదే. రెండు పలకల్ని వెల్డింగు చేసి, బద్దలుగా కోసి, అతుకు ఎక్కడుందో కంటికి ఆననంత నున్నగా సానబడతారు. ఎప్పుడూ ఉక్కును వంచే రోలరు మీదే పెట్టి వంచుతారు. వంగితే అతుకు మంచిది. విరిగితే వెల్డరు చెడ్డవాడు.

ఈ రెండో మాట ఏ పుస్తకంలోనూ లేదు. మేస్త్రి పెట్టింది.

పోయిన నెల ఇదే కంచును ఆయన బావమరిది అతికాడు. అదీ ఇలాగే విరిగింది. "లోహమే ఇలాంటిదేమో బావా" అని అతను నసిగితే, మేస్త్రి పదిమందిలో నవ్వాడు.

"లోహం అబద్ధం చెప్పదురా. చెయ్యి వణికింది, ఒప్పుకో."

అడిగి అడిగి ఒప్పించాడు కూడా. బద్ద విరిగినవాడు వెల్డింగు టార్చి దించి గ్రైండింగ్ షెడ్డుకు పోవాలన్నది ఆయన నియమమే. సొంతవాడని వదిలేస్తే నలుగురూ ఏమనుకుంటారని బావమరిదినీ పంపేశాడు. అప్పటి నుంచి పరీక్ష బద్దల్ని సానబట్టి పంపడమే అతని పని.

ఇంట్లో భార్య వేళకు అన్నం పెడుతూనే ఉంది. మాటలే పొదుపు చేసింది. ఒక్కసారి మాత్రం, కంచం ముందుకు జరుపుతూ, "మా తమ్ముడికి పని నేర్పిన మహానుభావుడెవరో" అంది. ఆ మాట ఆయనకు రెండు రోజులు అరగలేదు.

అందుకే ఈసారి తనే టార్చి పట్టాడు. "ఎలా చెయ్యాలో చూపిస్తా, చూడండి" అన్నాడు. అందరూ చూశారు.

"మేస్త్రిగారూ, ఇంకో బద్ద ఉంది. వంచి చూద్దామా?" పరీక్షలు చేసే అమ్మాయి మెల్లగా అడిగింది. ఆమె గొంతులోని జాలి ఆయనకు చెంపదెబ్బలా తగిలింది.

"వద్దమ్మా. చెయ్యి వణికింది" అన్నాడు.

వెనకాల ఎవరో దగ్గారు. అది మామూలు దగ్గు కాదని ఆయనకు తెలుసు. ఆయన చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి, తల వంచుకుని బయటికి నడిచాడు.

గ్రైండింగ్ షెడ్డు ఇంత దూరమని ఆయనకు ఇదివరకు తెలియదు. అక్కడికి మనుషుల్ని పంపడమే గానీ తను వెళ్ళిన మనిషి కాదు. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకు తప్పుకుని నమస్కారం పెడుతుంటే, ప్రతి నమస్కారానికీ ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.

బావమరిది ముక్కుకు గుడ్డ కట్టుకుని, దుమ్ములో నిలబడి ఉన్నాడు. బావను చూడగానే గ్రైండరు ఆపాడు.

"విరిగిందిరా" అన్నాడు మేస్త్రి.

"ఊఁ."

"ఇక నేనూ ఇక్కడే. ఏ మూల ఖాళీగా ఉందో చూపించు."

వెక్కిరిస్తాడనుకున్నాడు. వెక్కిరిస్తే కాస్త హాయిగానే ఉండేది. బావమరిది ముక్కు మీది గుడ్డ కిందికి లాగి, నెమ్మదిగా అడిగాడు.

"నిజంగానే చెయ్యి వణికిందా బావా?"

"వణికింది."

"ఏ చోట?"

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. బద్ద విరిగినప్పటి నుంచీ ఆయన మనసులో ఆ అతుకును మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉన్నాడు.

"మధ్యకు కాస్త ఇవతల. టార్చి ఒక్క క్షణం ఆపి మళ్ళీ అందుకున్నాను చూడు, అక్కడ. అప్పుడే వేళ్ళు జిల్లుమన్నాయి. నలుగురూ చూస్తున్నారని పైకి చెప్పలేదు. సరిగ్గా అక్కడే విరిగింది."

"బాగా గుర్తుందా?"

"కళ్ళకు కట్టినట్టుంది."

"నువ్వు అంతసేపు అడిగాక నాకూ ఇలాగే గుర్తొచ్చింది బావా" అన్నాడు బావమరిది. "ఇంటికెళ్ళి అక్కకు కూడా చెప్పాను, చెయ్యి వణికిందని."

మేస్త్రికి ఆ ముఖంలోకి చూడటం కష్టమైంది. "నిన్ను పదిమందిలో అలా అనకుండా ఉండాల్సిందిరా. అనడం నాదే తప్పు. కానీ అన్న మాట తప్పు కాదు. లోహం అబద్ధం చెప్పదు."

"చెప్పదు" అని ఒప్పుకున్నాడు బావమరిది.

బల్ల సొరుగు లాగి, నూనెగుడ్డలో చుట్టిన పొట్లం తీసి బావ ముందు విప్పాడు. నున్నగా సానబట్టిన బద్దలు.

"నువ్వు అతికినవి ఇవి బావా, అక్కడ విరిగింది అతుకన్నదే లేని ఉత్త కంచు."