ఎలుగుపిల్లకు ఆకలి

"మీరు వీడికి ఇన్సులిన్ సరిగ్గా ఇవ్వడం లేదు," అన్నాడు డాక్టర్ ఫ్రీసెన్.

కొరీన్‌కి ఒళ్ళు మండిపోయింది. వెనక మంచం మీద తొమ్మిదేళ్ళ కొడుకు డెవిన్ చేతికి సెలైన్ సూదితో, కళ్ళు మూసుకుని రొప్పుతున్నాడు. పొద్దున స్కూలుకి బయల్దేరుతూ వాంతి చేసుకుని, బూట్ల మీదే ఒరిగిపోయాడు.

"ఇవ్వడం లేదా? మీటరు ఎంత చూపిస్తే దానికి తగ్గట్టే ఇస్తున్నాను. మీటరు మీరిచ్చిందే. ఆ ఆట కూడా మీరు అంటగట్టిందే. అంకెలు బాగున్నాయని మోతాదు తగ్గించింది కూడా మీవాళ్ళే."

సూది చూస్తే ఇల్లు పీకి పందిరేసే పిల్లలు దారికొస్తారని క్లినిక్ వాళ్ళు ఇచ్చిన ఆట అది. వేలు గుచ్చి రక్తపు చుక్క మీటరుకి అంటిస్తే చాలు. చక్కెర అదుపులో ఉంటే ట్యాబ్‌లో ఎలుగుపిల్ల చేప తిని గంతులేస్తుంది. ఎక్కువుంటే చేప ముట్టదు, కడుపు పట్టుకుని మూలుగుతుంది.

మొదట్లో అది మూలిగినప్పుడల్లా కొరీన్ కొడుకుని నిలదీసేది. "మళ్ళీ ఏం మింగావు? నీ మూలంగా ఆ నోరులేనిది ఎలా ఏడుస్తోందో చూడు." ఏమీ తినలేదని వాడు మొత్తుకునేవాడు. ఆవిడ నమ్మితేగా. తరవాత తరవాత వాడే గది తలుపు వేసుకుని పరీక్ష చేసుకోవడం మొదలుపెట్టాడు. బయటికొచ్చి గంతులేసే ఎలుగుపిల్లని చూపించేవాడు. కొరీన్ ఊరంతా డప్పు కొట్టుకుంది. క్లినిక్ వాళ్ళు వాడి ఫొటో గోడకి అంటించి మురిసిపోయారు.

"మీటరులో అన్నీ మంచి అంకెలే," అన్నాడు డాక్టరు. "వీడి రక్తం మాత్రం వేరే మాట చెబుతోంది. ఇది ఒక్కరోజులో పెరిగిన చక్కెర కాదు. నెలల తరబడి ఇలాగే ఉంది."

"అయితే మీటరే పాడైపోయింది."

"ఇందాకే చూశాం. భేషుగ్గా ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఇలాంటివి పిల్లల సంక్షేమం వాళ్ళకి చెప్పక తప్పదమ్మా. వేరేగా అనుకోకండి."

"చెప్పండి. నా బిడ్డని ఈ గతికి తెచ్చిందెవరో వాళ్ళనే తేల్చమనండి. నాకూ అదే కావాలి."

డాక్టరు వెళ్ళిపోయాడు. కొరీన్ కుర్చీలో కూలబడింది. ఏడుపు కూడా రాలేదు, అంత కోపంగా ఉంది.

కిటికీ పక్కన అయిదేళ్ళ కూతురు ఎల్సీ తన అన్న ట్యాబ్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గదిలో హీటరు వేడికి ఉక్కపోస్తున్నా, చేతులకి ఊలు తొడుగులు తీయలేదు. ఈ మధ్య ఇంట్లో కూడా తీయనంటోంది. కొత్తవన్న మోజు కాబోలని కొరీన్ పట్టించుకోలేదు.

"తీసెయ్ తల్లీ, చేతులకి చెమట పడుతుంది."

"ఊహూఁ."

పరీక్ష వేళయిందేమో, ట్యాబ్‌లో ఎలుగుపిల్ల ఆకలి ఆకలి అని మూలగడం మొదలుపెట్టింది. ఎల్సీ గాభరాగా అన్న వైపు చూసింది, తల్లి వైపు చూసింది.

"మమ్మీ, డెవిన్‌ని తిట్టనంటే ఒకటి చెప్తా."

"తిట్టనులే. చెప్పు."

ఎల్సీ ఒక తొడుగు మెల్లగా లాగేసి, చెయ్యి చాచింది.

"వాడు పడుకున్నాడుగా, ఇవాళ నువ్వు గుచ్చు. నా రక్తమంటేనే దానికిష్టం. ఈ చిటికెన వేలొక్కటే ఇంకా నొప్పి పుట్టట్లేదు."