జొన్నచేలో రైతు

"రైతు యాడమ్మా?" బైకు గట్టు పక్కన ఆపి అడిగాడు జనార్దన్. వ్యవసాయ శాఖ మనిషి. మొన్నటిదాకా ఆదోనిలో కరోనా డ్యూటీ చేసి, ఈ ఊరికి వచ్చి వారమే అయింది.

"అదో, ఆడుండాడు సార్." మద్దమ్మ జొన్నచేను నడుమకు చెయ్యి చూపింది.

కంకుల పైన తెల్ల తలపాగా, నీలం గళ్ల చొక్కా, కళ్ల దాకా మాస్కు కనిపించాయి.

కరోనా సాయం జాబితాలో మద్దమ్మ మొగుడు ఉరుకుందు పేరుంది. అతను తన పొలంలో నిలబడి ఉన్న ఫొటో ఈ సాయంత్రంలోగా ఎక్కించాలి. లేకుంటే పేరు కొట్టేస్తారు. ఆ డబ్బు రాకపోతే మద్దమ్మ తన కూతురు సునందను పదో తరగతి మాన్పించి, తనతోపాటు గుంటూరు వైపు మిరప కోతలకు తీసుకుపోవాలి. బడిసంచి అప్పటికే అటక ఎక్కింది.

"ఇట్ల రమ్మను."

"జరం సార్. దగ్గు గూడ. మీకు అంటుకుంటే ఆ పాపం నాకు."

జనార్దన్ రెండడుగులు వెనక్కి వేశాడు. మద్దమ్మకు ఊపిరి వచ్చింది.

"జరం పెట్టుకొని ఎండలో నిలబడినాడా?"

"పిట్టలు బతకనిస్తాండాయా సార్? పండుకోమంటే ఇనడు."

"పలకడేమి?"

"ముందు నుంచీ మాట తక్కువ."

"ఎంతసేపైంది నిలబడి?"

"పొద్దున్నుంచీ."

"గట్టి మనిషే."

జనార్దన్ జాబితా తీశాడు. "ఉరుకుందు, తండ్రి ఓబన్న" అని చదివి, ఆ పేరు దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత సెల్లు పైకెత్తాడు.

"ఒకసారి చెయ్యెత్తమను. ఫొటోలో మనిషని తెలియాల కదా."

మద్దమ్మ ఓ అడుగు పక్కకు జరిగి, కొంగు చాటున తాడు లాగింది. చేలో నీలం చొక్కా చెయ్యి లేచింది. దాంతోపాటే రేకుడబ్బా ఒకటి డబడబా మోగింది. పిచ్చుకలు గుంపుగా లేచిపోయాయి.

"అదేం సప్పుడు?"

"కడియం సార్. మా అత్త మొక్కుకొని ఏయించింది."

"శానా పెద్ద కడియం," అన్నాడు జనార్దన్. నవ్వలేదు.

ఫొటో తీయబోతుంటే ఒక పిచ్చుక తిరిగొచ్చి తలపాగా మీద వాలింది. మద్దమ్మ గట్టిగా కళ్లు మూసుకుంది. జనార్దన్ ఆ పిట్ట ఎగిరిపోయేదాకా ఆగి, అప్పుడు తీశాడు.

"అయిపాయ. డబ్బు పడుతుంది. పొలం పాస్‌బుక్కు మాత్రం నీ పేరుకు మార్పించుకో అక్కా. కాగితాలు నేను రాసిస్తా."

"ఆయప్ప ఉండంగా నా పేరెందుకు సార్?"

"ఆయన చేను ఇడిసి రాడు కదా. ఆఫీసు సుట్టూ ఎవరు తిరగాల?"

బైకు కదిలిపోయాక మద్దమ్మ చేలోకి దిగింది. చొక్కాలోంచి బయటికొచ్చిన గడ్డిని లోపలికి తోసింది. "గెలిచినాం పో," అని నవ్వి, ఊడిన గుండీ పెట్టింది. చాలాసేపు ఆ గుండీ మీది నుంచి చెయ్యి తీయలేదు.

దారి మలుపు దగ్గర జనార్దన్ బైకు ఆపాడు. చెప్పులు విడిచి, చేను వైపు తిరిగి దండం పెట్టాడు.

ఆరు నెలల కిందట ఆదోనిలో ఉరుకుందును పూడ్చిన నలుగురిలో అతనొకడు.