చలికాలపు పగులు

వరహాలమ్మ సంచి సర్దుతోంది. ప్రయాణం ఆవిడది కాదు, బల్లిది. రెండు కొండల నడుమ విల్లులా వంగిన కరెంటు ఆనకట్టమీద పాకుతూ, కాంక్రీటును తట్టి, చప్పుడును బట్టి ఎక్కడ గుల్లబారిందో చెప్పే మర అది. పన్నెండేళ్లు ఆవిడతో పనిచేసి, ఆవిడ యాసే నేర్చుకుంది. ఇప్పుడు ఆనకట్టలన్నిటినీ ఆకాశంలోంచే చూసేస్తున్నారు కాబట్టి, పాకే మరలను కరిగించేయమని ఉత్తర్వు వచ్చింది.

నూనె బుడ్డి, మెత్తటి గుడ్డ పెట్టి, పైన పాత దుప్పటి కుక్కింది.

"కరిగిపోడానికి ఎల్తన్న నాకు దుప్పటేల పిన్నీ?" అంది బల్లి.

"నోర్ముయ్యే. దారంతా దుమ్ము."

జీపు దిగిన ఇంజినీరు ప్రద్యుమ్న సంచి అందుకోబోయాడు.

"బాబూ, నానెల్లిపోతే ఆ పగులెవులు సూత్తారు?" అంది బల్లి.

"ఏ పగులు? ఆకాశంలోంచి ఏమీ కనపడలేదే!"

"ఆకాశానికి తట్టడం వచ్చేటి? ఎండలకి గోడ నీటివేపు వాలుతాది, పగులు నోరు మూసీసుకుంటాది. సలికాలం రండి, సూపిత్తాను."

ఆయన వరహాలమ్మవైపు తిరిగాడు. ఆ గోడను ఆవిడ నిన్ననే ఆసాంతం తట్టింది. ఎక్కడా గుల్ల చప్పుడు లేదు, గంటలా మోగింది. ముప్పయ్యేళ్ల నౌకరీలో ఒక్క అబద్ధం రాయని మనిషి.

"ఉంది బాబూ," అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "బెత్తెడు."

"జానెడు పిన్నీ," అని సరిదిద్దింది బల్లి.

ఆయన అది రాసుకుని, పగులు చూశాకే బల్లిని తీసుకెళ్తానని, చలికాలం తానే వస్తానని చెప్పి జీపెక్కాడు.

ప్రద్యుమ్న ఆ చలికాలం రాలేదు. ఆ తర్వాత గడిచిన తొమ్మిది చలికాలాల్లోనూ రాలేదు.